మాయ వర్తకుల మూడు రాళ్లు

మస్కట్‌లో మేకలు అట్టపెట్టెలు తింటాయి. ఇది నిజం, అక్కడ ఉండి వచ్చిన ఎవరినైనా అడగండి. అచ్చు వేసిన వైపు ముందు తింటాయనీ, అరబ్బీ అక్షరాలైతే కుడి నుంచి ఎడమకు తింటాయనీ కొత్తగా దిగినవాళ్లకు చెప్పింది మాత్రం నేను. ఒకతను సెలవునాడు పనిగట్టుకుని ఒక మేక వెనక తిరిగి వచ్చి, "నిజమే అన్నా, కుడి దిక్కుకెళ్లే మొదలువెట్టింది" అన్నాడు. నా అబద్ధాలకు అలా సాక్షులు కూడా దొరికేవారు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. ఏది పుస్తకంలో ఉన్నదో, ఏది నేను కలిపిందో మాత్రం ఎక్కడికక్కడ చెబుతూ పోతాను. మిగిలింది నా ప్రమేయం లేకుండా జరిగింది.

ఎనభైల చివరి సంగతి. నేను మస్కట్‌లోనే ఘుబ్రా అనే పేటలో, ఒక స్కూల్లో లైబ్రరీ అటెండర్ని. పుస్తకాల దుమ్ము తుడవడం, పిల్లలు లాగిపడేసినవాటిని మళ్లీ వరుసలో పెట్టడం నా డ్యూటీ. ఇంటర్ తప్పినవాణ్ని కనక ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాణ్ని. రూమ్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకాయన గోదావరి జిల్లా ఎలక్ట్రీషియన్. నన్ను "గురూగారూ" అనేవాడు, అందులో గౌరవం ఎంతో వెక్కిరింపు ఎంతో నాకు ఎప్పటికీ తేలలేదు. మూడో మనిషి బావ.

బావ నాకు చుట్టం కాదు. ఇద్దరం ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో వచ్చాం. బెల్టు ఎలా పెట్టుకోవాలో నేనే చూపించాను. తప్పుగా చూపించాను, అది వేరే కథ. విమానం దిగేలోగా బావా అంటే బావా అనుకున్నాం. అతని ఊరు నిర్మల్ దాటి లోపలికి పోవాలి, గోదావరి అవతల. మాది ఇవతల, కరీంనగర్ వైపు. అతను తాపీ మేస్త్రీ. ఖురం పేటలో లేచిన మిద్దెల్లో సగం గోడలు తనవేనని అనేవాడు. చదువు లేదు, ఇంటికి ఉత్తరాలు నేనే రాసిపెట్టేవాణ్ని.

బావకు మస్కట్ అంటే భయం లేదు. ఎండకు భయపడలేదు, నాలుగంతస్తుల ఎత్తున సారువ కర్రల మీద నిలబడడానికీ భయపడలేదు. మస్కట్‌కూ ఇంటికీ మధ్య ఉన్న దారి అంటేనే భయం. వాళ్ల ఊరి నుంచి ముందుగా వచ్చిన ఇద్దరూ తిరిగి ఇల్లు చేరలేదు. ఒకతను ఇక్కడే జ్వరంతో పోయాడు. రెండో అతను విమానం దిగడం బొంబాయిలో చూసినవాళ్లున్నారు, ఆ తరవాత చూసినవాళ్లు లేరు. "నేను జేరుతనా బావా?" అని నాలుగేళ్లలో ఎన్నిసార్లు అడిగాడో. చేరతావు అని నేనెప్పుడూ మామూలుగా చెప్పలేదు. మామూలుగా చెప్పడం నాకు చేతకాదు.

ఆ పుస్తకం నాకు అట్లాసుల వెనక దొరికింది. లావుపాటి బొమ్మల పుస్తకం, మాయ జాతివాళ్ల గురించి. మాయ అంటే మన మాయ కాదు, ఆ జాతి పేరే అంత. సముద్రాల అవతల, రెండు అమెరికాల నడుమ అడవుల్లో ఎప్పుడో పెద్ద పట్నాలు కట్టినవాళ్లు. ఆకాశానికి మెట్లు కట్టినట్టున్న రాతి గుళ్లు, చుక్కల లెక్కలు, అన్నీ రంగుల్లో ఉన్నాయి. నన్ను పట్టుకున్నది నడుమ పేజీల్లో పరిచిన మ్యాపు. దాని మీద ఎర్ర గీతలు, వర్తకుల దారులు. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు లోపలి ఊళ్లకు పోతోంది. కొండల నుంచి పచ్చరాయి, గాజులా పగిలే నల్లరాయి దిగివస్తున్నాయి. ఆ నల్లరాయే వాళ్ల కత్తి. అడవుల నుంచి పిట్టల ఈకలు, తేనె, పత్తి. కోకో గింజలు ఏ ఊళ్లోనైనా చెల్లేవట, అవే వాళ్ల చిల్లర. గింజ లోపలిది తీసేసి పొట్టులో మట్టి కూరి చెలామణీ చేసే దొంగలు కూడా ఉండేవారట. అది చదివాక ఆ జనం మీద నాకు గౌరవం పెరిగింది.

బావ సైట్ నుంచి వచ్చి, చేతుల సిమెంటు కడుక్కుని, రూమ్ బయట గట్టు మీద కూర్చునేవాడు. పొద్దు గూకుతుండేది. నేను అందుకునేవాణ్ని.

"ఎడ్లు లెవ్వు, గాడిదలు లెవ్వు. మూటకు పట్టి గట్టి, గా పట్టి నొసటికి తలిగించుకొని మనుషులే మోసేటోళ్లు. నెలల కొద్ది నడక."

"తోపుడు బండి సుత లేదా?"

"లేదు."

"మరి గంత గంత గుళ్లకు రాళ్లెట్ల తెచ్చిన్రు?"

"మోసిన్రు."

బావ తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "అయితె మనోళ్లే," అన్నాడు.

లోపల కూరగాయలు తరుగుతున్న గోదావరాయన కేకేశాడు. "ఆయ్, మళ్లీ మొదలెట్టేశారా గురూగారూ! మొన్న మేకలండి, ఇయ్యాల మాయలు. ఆ మాటలు వింటా కూర్చుంటే పప్పు మాడిపోద్దండి."

బావ వినిపించుకోలేదు. "గా ఊర్లు ఇప్పుడున్నయా?"

"గుళ్లున్నై. జనం లేరు."

"ఏమైన్రు?"

పుస్తకంలో దానికి చాలా కారణాలున్నాయి. వానలు పోవడం, యుద్ధాలు, వర్తకం లోపలి దారులు వదిలి సముద్రపు దారికి మళ్లడం. చదువుకున్న పండితులకే ఒక మాట లేదు. నేను నాకు నచ్చినది ఏరుకున్నాను. "మూట మోసేటోళ్లు వచ్చుడు బందయింది బావా. ఉప్పు రాలె, కత్తి రాలె, పక్క ఊరి కబురు రాలె. ఎదురుసూసి ఎదురుసూసి జనం లేచిపోయిన్రు. అడివి వచ్చి ఇండ్లల్ల కూసున్నది."

బావ ఖురం దిక్కుకు చూశాడు. అక్కడ ఆ వారమే ఒక పెద్ద ఇంటికి గోడలు ముగించాడు. "కట్టినోడు ఎంత తన్లాడిండొ," అన్నాడు.

మూడు రాళ్ల సంగతి చెప్పింది ఆ మర్నాడు. ఇది పుస్తకంలో ఉన్నదే. దారిలో ఉన్న మాయ వర్తకుడు, ఎక్కడ ఆగినా సరే, చీకటి పడే వేళ మూడు చిన్న రాళ్లు నిలబెట్టి, వాటి ముందు చెట్టు బంక పొగ వేసి, ఇంటికి క్షేమంగా చేర్చమని మొక్కుకునేవాడు. ఇల్లు చేరే దాకా ప్రతి రోజూ.

ఇంతవరకే పుస్తకం. నేను కూడా అక్కడ ఆగవలసింది. బావ ముఖం చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తున్నాడు. అలాంటి ముఖం ఎదురుగా ఉంటే నా నాలుక నా మాట వినదు.

ఆ సాయంత్రం కొంత, తరవాతి సాయంత్రాల్లో కొంత కలిపాను. పోయేవాడు పోయాక, అతను ఇల్లు చేరే దాకా వెనక ఉన్నవాడు రాళ్లు పెట్టాలన్నాను, ఒక్క పొద్దు కూడా తప్పకుండా. దారిలో ఉన్నవాణ్ని పేరుపెట్టి గాని వరసపెట్టి గాని పిలవకూడదన్నాను. పిలిస్తే అతను పిలుపు వచ్చిన దిక్కుకు తిరుగుతాడు, దారి తప్పుతాడు. ఇది మా నాయనమ్మ దగ్గర కొట్టేసింది, బయటికి పోయేవాణ్ని వెనక నుంచి పిలిస్తే ఆమె చీపురు అందుకునేది. ఇంకా, కలిసి బయల్దేరినవాళ్లు అందరూ ఇల్లు చేరాకే మూట విప్పాలన్నాను. అది ఎందుకు కల్పించానో నాకే గుర్తులేదు. చెప్పి మరిచిపోయాను. అబద్ధంలో ఉన్న సుఖమే అది, గుర్తుపెట్టుకునే పని విన్నవాడిది.

"మనమిద్దరం కలిసే బయలెల్లినం గద బావా," అన్నాడు బావ.

"అవును మరి," అన్నాను, పప్పు వైపు చూస్తూ.

ఆ శుక్రవారం బావ వాగు వైపు పోయి మూడు రాళ్లు తెచ్చాడు. గుప్పిట్లో పట్టేంతవి, నున్నటివి. కొట్లో లుబాన్ కొన్నాడు. లుబాన్ అంటే అక్కడి చెట్టు బంక, మన సాంబ్రాణికి పెద్దన్న అనుకోండి. మస్కట్‌లో అది కాలని ఇల్లుండదు. పాలడబ్బా మూతలో నిప్పు పెట్టి, దాని మీద నాలుగు పలుకులు వేసి, రాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దేవుణ్ని మొక్కాడో, దారిని మొక్కాడో తెలియదు. ఆ రోజు నుంచి ఒక్క పొద్దూ తప్పలేదు.

"పాపం ఎందుకండీ ఆయన్ని అలా ఆడిస్తారు," అన్నాడు గోదావరాయన నాతో.

"ఆయనకు ధైర్యం వస్తది, నాకు కాలక్షేపం అయితది," అన్నాను. అప్పటికి రెండూ నిజమే.

మరుసటి ఏడాది, చలి తగ్గుతున్న రోజుల్లో, బావ పని ముగిసింది. పూర్తిగా వెళ్లిపోవడమే, మళ్లీ రాడు. ఇంటికి పోయేవాడు వెనక ఉన్నవాడి సామాను మోయడం అక్కడ ఆచారం. రూమ్‌లో రెండు అట్టపెట్టెలు వెలిశాయి, ఒకటి బావది, ఒకటి నేను మా ఇంటికి పంపేది. సబ్బులు, టార్చిలైటు, నైలాన్ చీర, తలనొప్పి మందు, పాలపొడి డబ్బా, పిల్లలకు చాక్లెట్లు. నైలాన్ తాడుతో జానెడుకో ముడి వేసి బిగించడంలో బావ చెయ్యి పెట్టింది పేరు. తాడు కట్టే ముందు అతను చాయ్ కోసం బయటికి పోయాడు. నేను నా పెట్టెలో, తువ్వాల చుట్టి, మంచి బరువున్న వాగు రాయి ఒకటి అడుగున పెట్టాను. గింజలో మట్టి కూరినవాళ్లకు నేనేం తీసిపోయాను? అక్కడ విప్పినప్పుడు మా ఆవిడ తిడుతుంది, మోసినందుకు బావ తిడతాడు, ఇక్కడ నేను ఏడాది పొడుగునా నవ్వుకుంటాను. లెక్క అది.

పొద్దున్నే కారు వచ్చింది. బావ మూడు రాళ్లూ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల్టి సంది నువ్వు పెట్టాలె బావా."

"ఏంది?"

"రాళ్లు. నేను ఇల్లు జేరేదాక. మూడు దినాలు, మా అంటె నాలుగు. తప్పొద్దు."

"సరె తీ, పెడ్త."

"నా మీద ఒట్టు?"

"ఒట్టు."

కారెక్కి అద్దం దించి ఇంకో మాట అన్నాడు. "పిలువకు మల్ల."

ఆ సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి బావ మంచం మీద పరుపు చుట్టి ఉంది. రాళ్లు కిటికీలో ఉన్నాయి. బయట మగ్రిబ్ అజాన్, పొద్దు గూకిన నమాజు పిలుపు, మొదలైంది, ఆరు గంటలు.

"పెట్టండి గురూగారూ, ఒట్టేశారు కదా," అన్నాడు గోదావరాయన.

"నేను కల్పించినదానికి నేనే మొక్కాల్నా?" అన్నాను. ఆ మాటతో ఊరుకున్నా బాగుండేది. నవ్వించాలన్న దురద. ఖాళీ మంచం మీదికి వంగి, రెండు చేతులూ నోటికి దోసిలి పట్టి, గొంతెత్తి పిలిచాను. "ఓ బావా! యాడికి పోతున్నవ్? ఇటు రా! ఇటు రా!"

గోదావరాయన నవ్వాడు. తరవాత నవ్వు ఆపేసి నా వైపు చూశాడు. అజాన్ అయిపోయింది. నా గొంతు మాత్రం ఆ రేకుల గదిలో ఇంకా ఎక్కడో ఉన్నట్టు అనిపించింది.

మర్నాడు ఎందుకో రాళ్లు పెట్టాను. గమ్మత్తుకే అని చెప్పుకున్నాను. నాలుగు రోజులు పెట్టి, బావ ఇల్లు చేరి ఉంటాడని తీసేశాను.

మూడు వారాలకు ఉత్తరం రావాలి. రాలేదు. నెలన్నరకు మా ఆవిడ ఉత్తరం వచ్చింది. ఆ బావ అనే ఆయన రాలేదు, సామాను రాలేదు, దారిలో ఏమన్నా అయిందా అని. నేను బావ ఊరికి రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. లేదు. వాళ్ల ఊరికి పంపడానికి మా ఇంట్లో మనిషి లేడు, ఉన్న ఆడమనిషికి చిన్న పిల్లలు.

"నొక్కేశాడండి గురూగారూ," అన్నాడు గోదావరాయన. "రెండు పెట్టెలూ ఏసుకుని హాయిగా కూర్చున్నాడు. మీ కథలు విన్నవాడు ఆమాత్రం నేర్చుకోడేంటండీ?"

అదే నిజం కావాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను. దొంగైనా బతికి ఉంటే చాలు. దొంగతనం అతని దగ్గర అతకదు, అదే నా బాధ. ప్రతి సాయంత్రం రాళ్లు కిటికీలోంచి దించి నిలబెట్టేవాణ్ని. లుబాన్ పొగ లేవగానే ఆ మంచం మీద నా గొంతు నాకే వినపడేది. ఇటు రా, ఇటు రా. దాని మీద పడుకోవడానికి వచ్చిన కొత్త మనిషి రెండు రోజులు ఉండి వేరే రూమ్ చూసుకున్నాడు. ఎందుకని మేము అడగలేదు, అతను చెప్పలేదు. నేనేదో భయపెట్టానని మీరనుకోవచ్చు. ఆ రోజుల్లో నేను ఎవరికీ ఏ కథా చెప్పడం లేదు.

"ఒక్క అబద్ధం చెప్పండి గురూగారూ," అని బతిమాలాడు గోదావరాయన ఒకనాడు. "రూమ్ రూమ్‌లా లేదండి."

లైబ్రరీలో ఆ పుస్తకం మళ్లీ తీశాను. వెనక ఉన్నవాళ్లు ఏం చేసేవారో ఉంటుందేమోనని. లేదు. ఎర్ర గీతలు ఉన్నాయి, ఆ గీతల చివర జనం లేని ఊళ్లు ఉన్నాయి. ఆ దారుల్లో ఉప్పు, రాయి, ఈకలతో పాటు మాటలు కూడా నడిచి ఉంటాయి. నాలాంటివాడు ఒకడు ఏ సంతలోనో కూర్చుని ఒక అబద్ధం చెప్పి ఉంటాడు, మూట మోసేవాడు దాన్ని ఇంకో ఊరికి మోసి ఉంటాడు. దానికి బరువు లేదు, సుంకం లేదు. అక్కడ అది ఎవరి నెత్తిన పడిందో ఏ మ్యాపులోనూ ఉండదు.

ఏడాది దాటాక నాకు సెలవు దొరికింది. బొంబాయిలో దిగి, మా ఊరికి పోయే బస్సు వదిలి నిర్మల్ బస్సెక్కాను. ఇంటికి కబురు కూడా పెట్టలేదు. నిర్మల్ నుంచి ఇంకో బస్సు, అక్కడి నుంచి నడక. ఊళ్లో ఎవరినీ అతని గురించి అడగలేకపోయాను, ఫలానా ఇల్లు ఎటు అని మాత్రం అడిగాను. అడిగినవాళ్ల ముఖాలు చూడకుండా నడిచాను. పొద్దు గూకుతోంది.

ముందు వాసన తగిలింది. లుబాన్. ఆ ఊళ్లో, ఆ పెంకుటిళ్ల మధ్య. తరవాత వాకిలి, వాకిట్లో మూడు రాళ్లు, పాలడబ్బా మూత, సన్నటి పొగ. ఒక మనిషి నా వైపు వీపు పెట్టి గొంతుకూర్చుని ఉన్నాడు. ఆ భుజాలు బావవే. పిలవడానికి నోరు తెరిచాను. పిలుపు రాలేదు. పిలవడానికి నాకు హక్కు లేదనిపించింది. అలా ఎంతసేపు నిలబడ్డానో, అతనే తిరిగి చూశాడు.

"వచ్చినవా బావా," అన్నాడు. అప్పుడే బజారుకు పోయి వచ్చినవాణ్ని అడిగినట్టు.

"నువ్వు... జేరినవా?"

"నేనెప్పుడో జేరిన. నువ్వే ఇంక జేరలె."

నేను గడప మీద కూలబడ్డాను. లోపలి నుంచి అతని భార్య నీళ్ల చెంబుతో వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా అన్నా గా మాయోళ్ల ముచ్చట జెప్పింది? నీకో దండం. రెండు డబ్బలు అటుక మీద అట్లనే ఉన్నై. తాడు సుత ముట్టనియ్యలె. పిల్లలు చాక్లెట్లు, చాక్లెట్లని ఏడ్సి ఏడ్సి మరిచిపోయిన్రు. ఊరోళ్లు ఈనకు మస్కట్ గాలి సోకిందంటున్రు."

"మూట ఇప్పొద్దు గద," అన్నాడు బావ నెమ్మదిగా. "ఇద్దరం జేరాలె."

"ఉత్తరమన్న ఎందుకు రాయియ్యలె బావా? నేను రెండు రాసిన."

బావ లోపలికి పోయి నా రెండు ఉత్తరాలు తెచ్చాడు. కవర్లు చింపలేదు. "నువ్వు దారిల ఉంటివి. నేను కబురు జేస్తె పిలిసినట్టయితది. నీయి సదివిస్తె, జవాబియ్య బుద్ధయితది. అందుకె సదివియ్యలె." కవర్లు నా చేతిలో పెట్టాడు. "పిలిస్తె ఏమయితదో నాకెరుక బావా. నువ్వు జెప్పింది నిజం."

"ఏమైంది?"

"నేనొచ్చిన నాడు బొంబాయి దాటినంక ఘాట్ రోడ్డు మీద బస్సాపిన్రు. దిగి చాయ తాగుతున్న. నువ్వు పిలిచినవ్."

"నేనా?"

"నీ గొంతె. 'ఓ బావా, ఇటు రా' అని. గుట్ట దిక్కుకెళ్లి వచ్చింది. నువ్వు మస్కట్ల ఉన్నవన్న సోయి సుత లేదు నాకు, లేచి పోయిన. మల్ల తిరిగొచ్చెటాల్లకు బస్సు లేదు. డబ్బలు రెండూ అండ్లనె. రోడ్డు పొడుగునా ఉరికిన. ఒక లారోడు ఎక్కించుకుంటె, తెల్లారి ముందటి టేషన్ల గదే బస్సు దొరికింది. మా ఊరోడు గట్లనె పోయుంటడు బావా. ఎవరో పిలిచుంటరు."

"ఎన్ని గంటలకు?" అన్నాను.

"చాయ హోటల్ల గడియారముండె. ఏడున్నర."

మస్కట్‌లో ఆరు కొడితే మన దగ్గర ఏడున్నర.

బావ నా కళ్లలోకి చూశాడు. "నువ్వయితె పిలవలె గద?"

"లేదు," అన్నాను.

నా జీవితంలో సరదా కోసం కాకుండా చెప్పిన అబద్ధం అదొక్కటే.

అప్పుడు పెట్టెలు దించాం. తాడు ముడులు బిగుసుకుపోతే కత్తితో కోశాడు. సబ్బుల వాసన పోయింది. చాక్లెట్లు తెల్లబడి సుద్దముక్కల్లా అయ్యాయి, అయినా పిల్లలు వదల్లేదు. అతని భార్య చీర మడత విప్పి భుజం మీద వేసుకుని చూసుకుంది, మడతల దగ్గర రంగు వెలిసింది. నా పెట్టెలో అన్నీ తీశాక అడుగున తువ్వాల మూట మిగిలింది. నేను చెయ్యి చాపే లోపల బావ దాన్ని విప్పాడు.

రాయి.

నవ్వుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. మేస్త్రీ కదా, అరచేతిలో అటూ ఇటూ తిప్పి బరువు చూశాడు. "గక్కడి రాయి," అన్నాడు. "ఇది ఎందుకు పెట్టినవో ఇప్పుడు సమజయింది." లేచి వాకిట్లోకి పోయి, మూడు రాళ్లలో ఒకటి తీసి గోడ అవతలికి విసిరేశాడు. దాని జాగాలో దీన్ని నిలబెట్టాడు. "నువ్వు మల్ల పోతవ్ గద మస్కట్. గక్కడి రాయి ఉంటె నీకు దారి గుర్తుంటది. నువ్వు ఆఖరుకొచ్చేదాక పెడ్త."

చెప్పేయాలనుకున్నాను. అంతా ఉత్తదే బావా, నేను కల్పించింది, మానేయ్ అని. ఘాట్‌లో వినపడిన గొంతు నా నోరు నొక్కింది.

మళ్లీ మస్కట్ పోయాను. కొన్నాళ్లకు లైబ్రరీలో ఒక సంగతి గమనించాను. నాలుగున్నరకూ అయిదుకూ మధ్య, ఎండ ఇంకా కిటికీ అద్దాల మీద ఉండగానే, లుబాన్ వాసన. కిటికీలు మూసి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. మస్కట్‌లో లుబాన్ వాసన లేని సందు ఉండదు కదా అని మీరంటారు, నేనూ అన్నాను. అయితే అక్కడ పొగ వేసే వేళ అది కాదు. గంటన్నర కలిపి చూసుకున్నాను. బావ వాకిట్లో పొద్దు గూకే వేళ.

గోదావరాయనకు చెప్పాను. "హమ్మయ్య, మళ్లీ మొదలెట్టారు," అని సంతోషించాడు. ఆ రోజు పాయసం చేశాడు.

ఏళ్లు అలా గడిచాయి. తొంభైల నడుమకు వచ్చాం. ఆ వాసన నాకు బడి గంటలా అలవాటైపోయింది. నేను ఇంకా దారిలో ఉన్నానని, ఒకడు లెక్కపెట్టుకుంటున్నాడని. ఒక సోమవారం వాసన రాలేదు. ఏదో జలుబు అనుకున్నాను. మంగళవారం రాలేదు. బుధవారం సెలవు పెట్టి రూమ్‌లో కూర్చున్నాను.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది, ఎవరి చేతో రాయించింది. బావ పోయాడు, బుధవారం పొద్దున, గుండెలో నొప్పి.

ఆ ఏడాదే నేను మస్కట్ విడిచిపెట్టాను. మొదట బావ ఇంటికే పోయాను. అతని భార్య ఆ మస్కట్ రాయి తెచ్చి నా ముందు పెట్టింది. "రెండు దినాలు మంచంల పడ్డడన్నా. లేవలేకపోయిండు. నొప్పి గురించి ఏడ్వలె, రాళ్లు పెట్టలేదని ఏడ్సిండు. అన్న దారిల ఉన్నడు, దారిల ఉన్నడు అని. నేను పెడ్త అంటె, వెనక ఉన్నోడే పెట్టాలె అన్నడు. ఇది నీకియ్యమన్నడు."

ఇప్పుడు ఆ రాయి మా వాకిట్లో ఉంది. మిగతా రెండూ ఘుబ్రా కిటికీలోవి, నేను వెంట తెచ్చుకున్నవి. పొద్దు గూకుతుంటే నిలబెట్టి పొగ వేస్తాను. ఆ వేళలో మా ఇంట్లో ఎవరూ "బావా" అని కేకెయ్యకూడదు. నా బామ్మర్దికి ఇది అర్థం కాదు, ఒకటి రెండుసార్లు కేకేసి తిట్లు తిన్నాడు. ఊళ్లోవాళ్లు నా మిగతా కథలన్నీ నమ్మి, దీన్ని మాత్రం నమ్మరు.

పోయినవాడు ఇల్లు చేరే దాకా వెనక ఉన్నవాడు పెట్టాలని చెప్పింది నేనే. చేరినట్టు ఎలా తెలుస్తుందో మాత్రం అప్పుడు కల్పించలేదు. బావ అడిగి ఉంటే ఆ గట్టు మీద అక్కడికక్కడే ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ని. అడగలేదు.